ఎందుకు చేరావు, ఎందుకు ఉన్నావు

(గణితాధ్యాపకులు, కీర్తిశేషులు మా మాస్టారి స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారు లెక్కలు చెప్పారు. నేను కంప్యూటర్ సైన్సు చెబుతున్నాను. ఈ రెండు శాస్త్రాల బంధుత్వం గురించి మాట్లాడదామని మొదట అనుకున్నాను. హాలులో సగం మంది ఇంజనీరింగ్ పిల్లలు ఉంటారని ఈ సభ ఏర్పాటు చేసిన సంఘం వారు చెప్పాక విషయం మార్చుకున్నాను. ఒక విద్యార్థి యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సు ఎందుకు చదవాలనుకుంటాడు? ఆ కోరిక ఎప్పుడు పుడుతుంది? పుట్టకపోతే బాధ్యత ఎవరిది? ఇవాళ నేను మాట్లాడబోయేది దీని గురించే.

దసరా దగ్గర పడేసరికి మా డిపార్ట్‌మెంటులో ఫైనలియర్ పిల్లల రాకపోకలు పెరుగుతాయి. ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్నాం, రికమండేషన్ లెటర్ కావాలి సార్ అంటారు. లెటర్ రాసేముందు నేను వాళ్ల ఎస్‌వోపీ చూపించమంటాను. ఈ చదువు ఎందుకు చదవదలచుకున్నదీ విద్యార్థి తన మాటల్లో రాసుకోవలసిన కాగితం అది. చాలా కాగితాల్లో మొదటి వాక్యం ఒకటే: చిన్నతనం నుంచీ కంప్యూటర్లంటే విపరీతమైన మక్కువ. చదివి కాగితం పక్కన పెట్టి, "నిజంగా ఎలా చేరావు నాన్నా?" అని అడుగుతాను. కాసేపు తటపటాయించి, "నా ర్యాంకుకి సీఎస్‌ఈ వచ్చింది సార్, ఇంట్లో అందరూ తీసుకోమన్నారు" అంటారు. నాకు ఆ రెండో జవాబు ఎక్కువ నచ్చుతుంది. అందులో ఒక ఇల్లు కనిపిస్తుంది, ఒక తండ్రి కనిపిస్తాడు, తీర్చాల్సిన అప్పు కనిపిస్తుంది. మొదటి వాక్యంలో ఎవరూ కనిపించరు.

బ్రిటన్‌లో డిగ్రీకి అప్లై చేసే 17 ఏళ్ల పిల్లలను ఈ ప్రశ్న గుమ్మం దగ్గరే అడుగుతారు. 2026 ప్రవేశాల నుంచి అక్కడి వ్యక్తిగత వ్యాసాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. మొదటి ప్రశ్నే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావని. మన దగ్గర ఎవరూ అడగరు. ఎంసెట్, ఇప్పుడు ఈఏపీసెట్, ర్యాంకు అడుగుతుంది, కేటగిరీ అడుగుతుంది, కాలేజీల వరుస అడుగుతుంది. వెబ్ ఆప్షన్లు పెట్టే ఆ కొద్ది రోజుల్లో బాబాయిలు, మేనమామలు, పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి, నెట్ సెంటర్ కుర్రాడు అందరూ కలిసి ఒక జీవితాన్ని వరుసలో పెడతారు. అడగకపోవడం లోపమే. కానీ అడిగినా ఆ వయసులో పిల్లలు ఏం చెప్పగలరు? ఫిజిక్సును బళ్లో చూశారు, కెమిస్ట్రీని చూశారు. ఇంటర్ రెండేళ్లూ పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా ఎంపీసీ తప్ప వేరే ప్రపంచం లేదు. కంప్యూటర్ సైన్సు అనే శాస్త్రాన్ని ఒక్క పూట కూడా చూడకుండానే దాన్ని ఎంచుకుంటున్నారు. చూడనిదాని మీద ప్రేమ చూపమనడం న్యాయం కాదు.

అందుకే జీతం కోసం చేరాను అని చెప్పే పిల్లల్ని తక్కువగా చూసేవాళ్లతో నాకు పడదు. మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కన్వీనర్ కోటా సీట్లలో ఇవాళ సగానికి మించి కంప్యూటర్ సైన్సు, దాని అనుబంధ కోర్సులవే. ఇది ఒక తరం పిల్లలకు హఠాత్తుగా పట్టిన పిచ్చి కాదు. 2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పుగా చదువుతాయన్న భయంతో పరాయి దేశాలు ప్రోగ్రామర్లను వెతుక్కున్న రోజుల్లో హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మెట్ల మీద నిలబడి కోర్సు నోట్సు జిరాక్సు తీయించుకున్నవాళ్ల పిల్లలు వీళ్లు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఊళ్లో పేపరు చదివి కొడుకును చూసి తలూపిన తండ్రుల మనవలు వీళ్లు. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లూ వీళ్లలో ఉన్నారు. ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మెకానికల్ తీసుకుంటే ఫ్యాక్టరీలో షిఫ్టులు, సివిల్ అయితే సైటు, కంప్యూటర్ అయితే ఆఫీసులో కూర్చునే ఉద్యోగం అని లెక్క వేసి తండ్రి ఒప్పుకున్నందువల్ల చదువుకోగలిగిన అమ్మాయిలు నా క్లాసుల్లో ఎందరో. ఆ కారణం వాళ్లది కాకపోవచ్చు. దాని వల్ల తెరుచుకున్న తలుపు మాత్రం వాళ్లదే.

కాకపోతే ఆ మొదటి కారణం సీటు దాకానే పనికొస్తుంది. రెండో ఏడాదిలో డేటా స్ట్రక్చర్లు వస్తాయి, ఆటోమేటా సిద్ధాంతం వస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్స్ వస్తుంది. ఒక సిద్ధాంతాన్ని ఎందుకు నిరూపించాలో జీతం చెప్పలేదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో అడుగుతారు అని చెబితే ఆ అధ్యాయం వరకు చదువుతారు, అడగరు అని తెలిస్తే వదిలేస్తారు. అక్కడ ఇంకో కారణం పుట్టాలి. చేరడానికి ఒక కారణం చాలు, ఉండడానికి మాత్రం ఇంకొకటి కావాలి. ఆ రెండోది ఎప్పుడూ ఒక నిర్దిష్టమైన ప్రశ్న రూపంలో వస్తుందని నా నమ్మకం. కంప్యూటర్లంటే ఇష్టం అనే పెద్ద మాటలో దాన్ని వెతికితే దొరకదు.

చరిత్ర చూడండి. 1935లో కేంబ్రిడ్జిలో మాక్స్ న్యూమన్ అనే గణితాధ్యాపకుడు పాఠం చెబుతూ, జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ వేసిన ఒక ప్రశ్నను ప్రస్తావించాడు. ఏ గణిత వాక్యం ఇచ్చినా అది రుజువు కాగలదో లేదో యాంత్రికంగా తేల్చే పద్ధతి ఉందా అని. వింటున్నవాళ్లలో అలన్ ట్యూరింగ్ అనే యువ గణితవేత్త ఉన్నాడు. యాంత్రికం అంటే అసలేమిటి అని అతను అక్కడ పట్టుకున్నాడు. 1936లో, 23 ఏళ్ల వయసులో, దానికి జవాబుగా వ్యాసం పంపాడు. అటువంటి పద్ధతి లేదని తేలింది. అదే ఏడు అమెరికాలో అలోంజో చర్చ్ వేరే దారిన అదే చోటికి చేరాడు. మనం ఇవాళ కంప్యూటర్ అంటున్న యంత్రం అప్పటికి ప్రపంచంలో ఒక్కటి కూడా లేదు. మన శాస్త్రానికి పునాది పడింది ఒక క్లాసులో విన్న ప్రశ్న వల్ల. కాబట్టి కంప్యూటర్ లేని ఇంట్లో పుట్టాను, నాకు ఈ సబ్జెక్టు ఏం వస్తుంది అని కుంగిపోయే పిల్లలు ట్యూరింగ్ దగ్గర కూడా కంప్యూటర్ లేదని గుర్తుంచుకోవాలి.

కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా సంగతి ఇంకా దగ్గరగా తగులుతుంది నాకు. నెదర్లాండ్స్‌లో లైడెన్ యూనివర్సిటీలో సైద్ధాంతిక భౌతికశాస్త్రం చదువుతూ, 1952 నుంచి ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రంలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేశాడాయన. 1955 నాటికి రెండు పడవల మీద కాళ్లు పెట్టి సాగడం కుదరదని తెలిసింది. ఫిజిక్సుకు గౌరవం ఉంది, పుస్తకాలున్నాయి, పెద్దలున్నారు. ప్రోగ్రామింగుకు ఏముంది? నీకు ఏం వచ్చు అని రేపెవరైనా అడిగితే చూపించడానికి శాస్త్రం ఏది? ఈ బాధతో పై అధికారి వాన్ వైన్‌గార్డెన్ గది తలుపు తట్టాడు. కొన్ని గంటలు మాట్లాడుకున్నారు. అటువంటి శాస్త్రం ఇంకా లేదన్న మాట నిజమేనని ఆ పెద్దమనిషి ఒప్పుకున్నాడు. అయితే ఈ యంత్రాలు ఇక పోవు, మనం మొదట్లోనే ఉన్నాం, రాబోయే ఏళ్లలో దీన్ని గౌరవించదగ్గ శాస్త్రంగా తయారుచేసేవాళ్లలో నువ్వు ఎందుకు ఉండకూడదు అని అడిగాడు. ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి డైక్‌స్ట్రా నిర్ణయం అయిపోయింది. 1957లో ఆయన పెళ్లి రిజిస్టర్ చేసుకునేటప్పుడు వృత్తి ప్రోగ్రామర్ అని చెబితే ఆమ్‌స్టర్‌డామ్ అధికారులు అటువంటి వృత్తే లేదని ఒప్పుకోలేదు. భౌతికశాస్త్రజ్ఞుడు అని రాయించుకోవలసి వచ్చింది. ఈ సంగతులన్నీ 1972లో, కంప్యూటర్ సైన్సులో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో ఆయనే చెప్పుకున్నారు. ఇవాళ మన ఫోను ఇంటి నుంచి బస్టాండుకు దగ్గరి దారి చూపించడం వెనక ఉన్న ఆలోచనల్లో ముఖ్యమైనది ఆయనదే.

ఇందులో అధ్యాపకులు గమనించవలసింది ఒకటుంది. వాన్ వైన్‌గార్డెన్ ఈ రంగంలో మంచి జీతాలున్నాయి అని చెప్పలేదు, నీకు ప్రతిభ ఉంది అని పొగడలేదు. ఇక్కడ ఏం లేదో చెప్పి, ఆ లోటు నీది చేసుకో అన్నాడు.

మన తెలుగునాట కూడా ఈ శాస్త్రంలోకి వచ్చినవాళ్లు మొదట వేరే తలుపుల నుంచే వచ్చారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఏ.ఎస్.రావు గారు ఫిజిక్సు చదివారు. పరాయి దేశాల నుంచి కొనుక్కునే పరికరాలు ఇక్కడే తయారు కావాలన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదల నుంచే 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే ఈసీఐఎల్ సంస్థ ఏర్పడింది. ట్రాంబేలోని అణుశక్తి శాస్త్రవేత్తలు రూపకల్పన చేసిన టీడీసీ-12 అనే కంప్యూటరును 1969లో అక్కడ తయారుచేశారు. ఏ.ఎస్.రావు నగర్ స్టాపులో రోజూ బస్సు ఎక్కే పిల్లలకు ఆ పేరు వెనక ఉన్న మనిషిని పరిచయం చేయడం మన పని. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు గిండీలో చదివింది సివిల్ ఇంజనీరింగు. ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో డాక్టరేటు తీసుకున్నారు. యంత్రం మనిషి మాటను విని పోల్చుకోగలదా అనే ప్రశ్న ఆయనను జీవితమంతా వదల్లేదు. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఒకరికి దేశం అవసరం, ఇంకొకరికి మనిషి గొంతు. ఇద్దరికీ డిగ్రీ చదివిన రోజుల్లో కంప్యూటర్ సైన్సు పేరుతో సీటే లేదు.

ఇప్పుడు మాస్టారి దగ్గరికి వస్తాను.

మేం బీఎస్సీ చదివేటప్పుడు కాలేజీలో కంప్యూటర్ లేదు. మాస్టారికి రెండు పిచ్చిలు: లెక్కలు, పద్యం. ద్విసంఖ్యామానం చెప్పవలసిన రోజు ఆయన సున్నాలూ ఒకట్లూ రాయలేదు. బోర్డు మీద గురువు, లఘువు అని రాశారు. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజి తెలుగు తీసుకున్న మాకు అవి తెలిసినవే. మూడక్షరాల్లో గురులఘువులను ఎన్ని రకాలుగా పేర్చవచ్చో ఒక్కో వరుసా రాయించారు. ఎనిమిది వరుసలు వచ్చాయి. మ, య, ర, స, త, జ, భ, న. అవి మనకు తెలిసిన ఎనిమిది గణాలే. దీన్ని ప్రస్తారం అంటారు, ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడి నుంచీ ఉంది అన్నారు. అప్పుడు పట్టిక చెరిపేసి, "ఏవోయ్, ఆరో వరుసలో ఏ గణం ఉంది? పట్టిక రాయకుండా చెప్పు" అన్నారు.

మేం వేళ్ల మీద లెక్కపెట్టబోయాం. ఆయన ఆపి పద్ధతి చెప్పారు. సరిసంఖ్య అయితే లఘువు రాసి సగం చెయ్యి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చెయ్యి. ఆరు సరిసంఖ్య, లఘువు, సగం మూడు. మూడు బేసి, గురువు, ఒకటి కలిపి సగం చేస్తే రెండు. రెండు సరి, లఘువు. లఘువు, గురువు, లఘువు: జగణం. వరుస సంఖ్య నుంచి రూపం రాబట్టే ఈ పద్ధతికి నష్టం అని పేరు. రూపం నుంచి సంఖ్య రాబట్టే దానికి ఉద్దిష్టం అని పేరు.

మూడక్షరాలకు ఇదంతా ఎందుకు, ఎనిమిది వరుసలు రాసుకుంటే సరిపోతుంది కదా అని మాలో ఒకడు అన్నాడు. మాస్టారు ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే అనుకుంటాను. బోర్డు మీద 3,55,799 అని రాశారు. పాదానికి ఇరవై అక్షరాలు, ప్రస్తారంలో ఈ వరుసలో ఉన్న వృత్తం ఏది అని అడిగారు. ఇరవై అక్షరాలకు పట్టిక రాస్తే 10,48,576 వరుసలు. ఆ పట్టిక చేత్తో రాయడం అయ్యే పని కాదు. మేం పెన్నులు తీసి సగాలు చేయడం మొదలుపెట్టాం. బేసి, గురువు. 1,77,900, సరి, లఘువు. 88,950, లఘువు. అలా ఇరవై సార్లు సగం చేసేసరికి సంఖ్య ఒకటికి వచ్చింది. రాసుకున్న గురులఘువులను మూడేసి చొప్పున విడదీసి చూస్తే భ, ర, న, భ, భ, ర, చివర లఘువు, గురువు. ఉత్పలమాల! వెనక బెంచీ నుంచి ఎవడో పేరు గట్టిగా అరిచాడు.

పది లక్షల వరుసల పట్టికలో వెతకాల్సిన దాన్ని ఇరవై అడుగుల్లో తేల్చాం. పని ఒకటే, ఖర్చులో ఉన్న తేడా చూశారా? దేన్ని లెక్కించవచ్చు, ఎంత ఖర్చుతో లెక్కించవచ్చు? కంప్యూటర్ సైన్సు అడిగే మూలప్రశ్న ఇది. నేను ఆ తరవాత ఎంసీఏలో చేరాను. చేరడానికి కారణం అందరిదే, ఉద్యోగం. రాజారామన్ గారి పుస్తకాలతో ప్రోగ్రామింగు నేర్చుకున్నాను. కానీ అల్గారిథమ్స్ క్లాసులో మొదటిసారి ఒక పనికి ఎన్ని అడుగులు పడతాయో లెక్కపెట్టడం చూసినప్పుడు, నాకు అది కొత్త సబ్జెక్టు అనిపించలేదు. మాస్టారు బోర్డు మీద రాసిన సంఖ్య గుర్తొచ్చింది. నేను ఈ శాస్త్రంలో నిలబడిపోవడానికి కారణం అదే.

మాస్టారు చేసింది ఎంతటి పనో అధ్యాపకుణ్ణయ్యాకే నాకు అర్థమైంది. పిల్లలకు ముందే తెలిసిన వస్తువు ఒకటి తీసుకున్నారు. దాని మీద వాళ్లంతట వాళ్లే అనుమానం పడేదాకా ఆగారు. అప్పుడు చేతికి అందనంత పెద్ద సంఖ్య ఇచ్చారు. ప్రేరణ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇటీవలి ఉదాహరణ ఒకటి చెబుతాను. మొదటి ఏడాది ల్యాబులో అందరూ రాసే ప్రోగ్రాం ఒకటుంది. ఇచ్చిన మాటను ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటేనా కాదా తేల్చాలి. మేడమ్, మలయాళం అని ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చి చూస్తారు, అవునంటుంది, రికార్డులో రాసేస్తారు, సంతకం అయిపోతుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన ఒక అమ్మాయి ఆ ప్రోగ్రామును తెలుగు లిపికి పనికొచ్చేలా కొంచెం మార్చి, వికటకవి అని టైపు చేసింది. కాదు అని వచ్చింది. నా గదికి వచ్చి, "సార్, తెనాలి రామకృష్ణుడు వికటకవి కాదంటోంది" అంది. నవ్వలేదు ఆ పిల్ల. నిజంగా బాధపడుతోంది.

మనం వికటకవిలో ఐదు అక్షరాలు చూస్తాం. కంప్యూటర్ దాచుకునేది ఏడు సంకేతాలు. వకారం ఒకటి, దాని గుడి వేరే ఒకటి. వెనక నుంచి చదివితే గుడి ముందొచ్చి, వకారం తరవాత వస్తుంది. కాబట్టి యంత్రం దాని లెక్కలో అబద్ధం చెప్పలేదు. జ్ఞానం అనే మాట మన కంటికి రెండక్షరాలే. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు, మామూలుగా నిలవ చేసే పద్ధతిలో 18 బైట్లు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తుతో కలిసి మెసేజిలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెలలోనే దిద్దుబాటు విడుదల చేయవలసి వచ్చింది. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ అమ్మాయి కళ్లు చూడాలి మీరు. మన బడిలో పలక మీద దిద్దిన అక్షరం ప్రపంచంలో పెద్ద పెద్ద ఇంజనీర్లను నిద్ర లేపిందన్నమాట.

అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. సంకేతాల వరుసను తిరగేస్తే చాలదు, ముందు దాన్ని అక్షరాలుగా విడదీయాలి. అయితే తెలుగులో అక్షరం అంటే ఏమిటి? అచ్చు గానీ హల్లు గానీ, హల్లయితే దాని కింద ఒత్తులు ఎన్నయినా, తరవాత ఒక గుణింతపు గుర్తు ఉండొచ్చు లేకపోవచ్చు, ఆ తరవాత సున్నా గానీ విసర్గ గానీ రావచ్చు. ఈ నియమాన్ని కాగితం మీద బొమ్మగా గీస్తే అది రెండో ఏడాదిలో వచ్చే ఆటోమేటా సిద్ధాంతంలో మొదటి పాఠం. సీనియర్లు ఎందుకూ పనికిరాదని చెప్పిన సబ్జెక్టును ఆ అమ్మాయి మొదటి ఏడాదిలోనే వెతుక్కుని చదివింది. అక్షరాలు విడిపోయాయి కనుక గురులఘువులు గుర్తించవచ్చు. గురులఘువులు వస్తే గణవిభజన చేయవచ్చు. ఇప్పుడు ఆమె దగ్గర పద్యం ఇస్తే ఏ వృత్తమో చెప్పే ప్రోగ్రాం ఉంది. దానికి నేను పెట్టిన మొదటి పరీక్ష ఏ వృత్తమో మీరు ఊహించగలరు. ఆమెను తండ్రి సీఎస్‌ఈలో చేర్పించింది ఆఫీసు ఉద్యోగం కోసమే. ఆ కారణం అలాగే ఉంది, ఉండాలి కూడా. దాని పక్కన తన సొంతది ఒకటి వచ్చి చేరింది.

బీటెక్ స్థాయిలో ఒక ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్లగలదో చెప్పడానికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఒక సంఖ్య ప్రధానసంఖ్యా కాదా అని తేల్చడం హైస్కూలు లెక్క. చిన్న సంఖ్యలతో భాగించి చూస్తాం. నూరు అంకెల సంఖ్య ఇస్తే ఆ దారిలో వెళితే విశ్వం వయసు చాలదు. వేగంగా తేల్చే పద్ధతులు 2002కి ముందే ఉన్నాయి. కానీ అవి అదృష్టం మీదో, రుజువు కాని ఊహల మీదో ఆధారపడేవి. అంకెల సంఖ్యతో పోలిస్తే అదుపులో ఉండే ఖర్చుతో, ఏ అనుమానం లేకుండా తేల్చే పద్ధతి ఉందా అన్నది ప్రపంచమంతటా అప్పటికి తెరిచి ఉన్న ప్రశ్న. కాన్పూర్ ఐఐటీలో నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అనే ఇద్దరు విద్యార్థులు ఆచార్య మణీంద్ర అగ్రవాల్ దగ్గర బీటెక్ ప్రాజెక్టుగా ఈ ప్రశ్న మీదే పనిచేశారు. డిగ్రీ అయిపోయాక ఆ వేసవిలోనూ వదల్లేదు. 2002 ఆగస్టులో ముగ్గురూ కలిసి తొమ్మిది పేజీల వ్యాసంలో అటువంటి పద్ధతి ఉందని నిరూపించారు. 2006లో, సైద్ధాంతిక కంప్యూటర్ సైన్సులో ఇచ్చే గోడెల్ బహుమతి వచ్చింది. మన కాలేజీల్లో ప్రాజెక్టు అనే మాటకు ఇవాళ ఉన్న అర్థం తలుచుకుంటే నాకు దుఃఖం వస్తుంది. రిపోర్టుతో సహా అమ్మే దుకాణాలున్నాయి. పిల్లలు కొనుక్కొస్తారు, మేం సంతకం పెడతాం. నాలుగేళ్లలో సొంత ప్రశ్నతో కూర్చునే అవకాశం ఉన్న ఆ ఒక్క సెమిస్టరును కూడా మనం చేజేతులా పాడుచేస్తున్నాం.

ఈ మధ్య ప్రతి సభలోనూ ఎవరో ఒకరు లేచి, కృత్రిమ మేధ ప్రోగ్రాములు రాసేస్తోంది కదా, ఇక ఈ చదువు ఎందుకు అని అడుగుతున్నారు. భయంతో అడిగే తల్లిదండ్రులకు తేలిక జవాబు చెప్పను. ఉద్యోగాల తీరు మారుతుంది, కొన్ని పోతాయి. జీతం ఒక్కటే కారణంగా చేరినవాళ్లకు ఆ కారణం కదిలిపోతే నిలబడ్డానికి ఏమీ మిగలదు, అందుకే రెండో కారణం గురించి ఇంత పట్టుబడుతున్నాను. ఆ ల్యాబు ప్రోగ్రామును ఇవాళ యంత్రం రెండు సెకన్లలో రాసిస్తుంది. దానికి వికటకవి ఇచ్చి చూడాలని ఎవరికి తోచింది? రాసిచ్చిన ప్రోగ్రాం సరైనదో కాదో ఎవరు తేలుస్తారు? ఏ ప్రోగ్రాం ఇచ్చినా అది ఆగుతుందో ఆగదో తప్పకుండా చెప్పే ఒకే పద్ధతి ఉండదని ట్యూరింగ్ 1936 నాటి ఆలోచనలోంచే తేలిపోయింది. ఎంత పెద్ద యంత్రం వచ్చినా ఆ హద్దు జరగదు. మనిషికి ఆ హద్దు లేదని కూడా నేను అనను. ఒక్కో ప్రోగ్రామునూ పట్టుకుని, ఇది ఎందుకు సరైనదో నిరూపించుకుంటూ పోవలసిందే. ఆ పని తెలిసినవాళ్ల అవసరం రాసేవాళ్ల అవసరం కంటే పెరుగుతోంది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. రెండో ఏడాది చదువుతున్న పిల్లలు పండక్కి ఇంటికొస్తే ఎంత ప్యాకేజీ వస్తుందట అని అడగకండి, ఇంకా రెండేళ్లుంది దానికి. ఈ సెమిస్టరులో నీకు అంతుపట్టనిది ఏమిటమ్మా అని అడగండి. జవాబు మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. చెప్పుకునేందుకు ఇంట్లో ఒకరున్నారంటే పిల్లలు వెతుక్కుంటారు.

తోటి అధ్యాపకులకు చెప్పేది మన ల్యాబుల గురించి. అరవై మందికి ఒకే ప్రోగ్రాం, ఒకే ఇన్‌పుట్, ఒకే అవుట్‌పుట్ ఇచ్చి రికార్డు దిద్దుతున్నాం. ప్రోగ్రాం ఒకటే ఇవ్వండి, ఇన్‌పుట్ మాత్రం ఎవరికి వాళ్లే తెచ్చుకోమనండి. కొందరు ఊరి పంటల ధరలు తెస్తారు, కొందరు అమ్మమ్మ చెప్పిన పొడుపుకథలు తెస్తారు, కొందరు బస్సు టైములు తెస్తారు. పుస్తకంలో పనిచేసిన ప్రోగ్రాం వాళ్ల చేతిలో ఎక్కడో తప్పకుండా విరుగుతుంది. విరిగిన చోట వాళ్ల పక్కన నిలబడడమే మనం చేయాల్సిన పని. తెలుగు మీడియం పిల్లలకు ఆ చోట తెలుగులోనే మాట్లాడండి. ప్రశ్న తెలుగులో పుడితే దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని అడగమని చెబితే సగంమంది అడగరు.

చివరిగా ఈ సంఘం పెద్దల ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మాస్టారి పేరు మీద ఏటా అత్యధిక మార్కులు వచ్చిన విద్యార్థికి బహుమతి ఇస్తున్నాం. మార్కులు వచ్చినవాళ్లకు బహుమతులు ఇచ్చేవాళ్లు వేరే చాలామంది ఉన్నారు. వచ్చే ఏడాది నుంచి ఈ బహుమతి రెండో ఏడాది విద్యార్థులకు ఇద్దాం. వాళ్లు ఒకే ఒక్క పేజీ రాయాలి, తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా సరే. చదువుతుండగా తమకు తగిలిన ఒక ప్రశ్న, అది ఎక్కడ తగిలిందో, దాని వెంట ఎంత దూరం వెళ్లారో, ఎక్కడ ఆగిపోయారో రాయాలి. జవాబు దొరికి ఉండాలన్న నియమం వద్దు. వచ్చిన పేజీలన్నీ చదివే పని నేను తీసుకుంటాను. ఆగిపోయిన ప్రతి ఒక్కరి దగ్గరా కూర్చోవడానికి ఒక్కో అధ్యాపకుణ్ణి చూసిపెట్టే పని మీరు తీసుకోండి. సమ్మతమైతే ఈ సభలోనే తీర్మానం చేయమని కోరుతున్నాను.